ముందు టైరు, చివర్లో గేర్లు: హార్డ్‌టెయిల్ అప్‌గ్రేడ్లపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో గేర్ల సైకిళ్ళు బాగుచేయడం, కొత్తవి బిగించడం నా పని. ఆదివారం ఖాజాగూడ గుట్టల మీదో, వికారాబాద్ దగ్గరి అనంతగిరి దారుల్లోనో తిరిగొచ్చిన సైకిళ్ళు సోమవారం నా స్టాండు ఎక్కుతాయి. ఎక్కువ శాతం హార్డ్‌టెయిల్ మౌంటెన్ బైకులే, అంటే ముందు సస్పెన్షన్ ఫోర్కు ఉండి వెనక ఏమీ లేనివి. "అన్నా, దీన్ని అప్‌గ్రేడ్ చేద్దాం" అంటూ వచ్చేవాళ్ళ ఫోన్లో అప్పటికే ఒక లిస్టు ఉంటుంది. ఆ లిస్టు దాదాపు ఎప్పుడూ గేర్లతో మొదలై టైర్లతో ముగుస్తుంది. దాన్ని తలకిందులు చేసి చదువుకోండని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: టైరులో గాలి ఎంత గట్టిగా ఉంటే సైకిల్ అంత స్పీడు

వాస్తవం: నున్నటి తారు రోడ్డు మీద ఇది కొంతవరకు నిజం. రాళ్ళ దారిలో మాత్రం పూర్తిగా తప్పు. పంక్చర్ షాపులో 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించుకుని గుట్టకి వెళ్తే టైరు ఏ మాత్రం నొక్కుకోదు. దారిలో ఉన్న ప్రతి గులకరాయీ సైకిల్‌నీ మిమ్మల్నీ కలిపి పైకి లేపుతుంది. అలా లేచిన ప్రతిసారీ ఖర్చయ్యేది మీ కాళ్ళ బలమే. గాలి తగ్గిస్తే రబ్బరు ఆ రాయి చుట్టూ ఒదిగి చక్రం ముందుకే పోతుంది. హార్డ్‌టెయిల్‌కి వెనకవైపు సస్పెన్షన్ అంటూ ఉంటే అది ఆ టైరే.

75 కిలోల మనిషి, 2.25 అంగుళాల టైరు అనుకుందాం. ట్యూబు ఉంటే 28-32 పీఎస్ఐ, ట్యూబ్‌లెస్ అయితే 20-25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. ముందు చక్రానికి వెనకదానికంటే రెండు తగ్గించండి. రిమ్ము రాళ్ళకి తగిలి టకటకమంటుంటే రెండు పెంచండి. ట్యూబు మీద పక్కపక్కనే రెండు సన్నటి చీలికలు కనిపించాయంటే అది ముల్లు పని కాదు, గాలి చాలక రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగింది. ఈ రెండేసి పీఎస్ఐల తేడా పెట్రోలు బంకు మిషన్ మీద తెలియదు, గేజ్ ఉన్న ఫ్లోర్ పంపు కావాలి. నన్నడిగితే మొట్టమొదటి అప్‌గ్రేడ్ ఆ పంపే.

రెండోది మంచి టైర్లు. సైకిల్‌తో వచ్చే చవక టైరు రబ్బరు గట్టిగా ఉంటుంది, తడిసిన బండ మీద నిలవదు. కొత్తది కొనే ముందు పాత టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చూడండి. 57-584 అని ఉంటే 57 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు, 584 రిమ్ము కొలత. 26 అంగుళాల చక్రానికి 559, 27.5కి 584, 29కి 622 ఉంటుంది. టైరు మార్చినా ఈ రెండో అంకె మారకూడదు. వెడల్పు పెంచాలంటే మొదట వెనక ఫ్రేములో ఎంత సందు ఉందో చూసుకోండి. రెండు వైపులా అయిదారు మి.మీ. ఖాళీ మిగలకపోతే వానాకాలం ఎర్రమట్టి అక్కడ ఇరుక్కుని ఫ్రేము పెయింటు గీకేస్తుంది.

అపోహ: ట్యూబ్‌లెస్ రేసర్లకి, మనకెందుకు

వాస్తవం: పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్న నేలమీద తొక్కేవాళ్ళకే దాని అవసరం ఎక్కువ. పల్లేరు కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంది. ట్యూబు ఉన్న టైరు చెరువు గట్టు దాటేలోపు నాలుగైదు చోట్ల పంక్చర్ అవ్వొచ్చు. ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు పీకి చూడండి. లోపల పోసిన తెల్లటి సీలెంట్ (చిల్లుని మూసే ద్రవం) బుసమంటూ నురగలా వస్తుంది, చక్రం తిప్పి ఆ చిల్లు కిందికి తెస్తే కాసేపట్లోనే ఆగిపోతుంది. ఆ తర్వాత అక్కడ చిన్న రబ్బరు చుక్క తప్ప ఏమీ ఉండదు.

కాకపోతే రెండు షరతులు. రిమ్ము ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేదై ఉండాలి. మామూలు రిమ్ముకి టేపు చుట్టి సర్దితే మలుపులో టైరు అంచు జారి ఒక్కసారిగా గాలి పోవచ్చు. రెండోది సీలెంట్. మన ఎండాకాలంలో అది త్వరగా ఎండిపోతుంది. రెండు నెలలకోసారి వాల్వ్ విప్పి చూసి, తక్కువైతే పోయండి. టైరు పక్కభాగం రాయికి కోసుకుపోతే మాత్రం సీలెంట్ ఏమీ చేయలేదు. అందుకే ఒక ట్యూబు బ్యాగులో ఉండాల్సిందే.

అపోహ: హైడ్రాలిక్ బ్రేకు వేస్తే చాలు, ఇక ఆలోచించక్కర్లేదు

వాస్తవం: కేబుల్ డిస్క్ నుంచి హైడ్రాలిక్‌కి మారడం మంచి నిర్ణయమే. పొడవాటి దిగుడులో రెండు వేళ్ళతో పిండాల్సిన చోట ఒక్క వేలు సరిపోతుంది, చేతులు అలసిపోవు. షిమానో ఎంటీ200 లాంటి మొదటి మెట్టు బ్రేకు కూడా ఆ పని చక్కగా చేస్తుంది. నాకు భయం వేసేది ఆ తర్వాత జరిగేదాని గురించే.

షిమానో బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. మోటార్ బైకు మెకానిక్ దగ్గర దొరికేది డాట్ 3 లేదా డాట్ 4 ఫ్లూయిడ్. రెండూ బ్రేకు ఆయిలే కదా అని లివర్ మెత్తబడినప్పుడు ఆ ఫ్లూయిడ్ పోస్తారు. మొదట్లో బాగానే పట్టినట్టుంటుంది. తర్వాత లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి, పిస్టన్ వెనక్కి రాదు, ప్యాడ్ డిస్కుకి రాసుకుంటూనే ఉంటుంది. అక్కడి నుంచి బ్రేకు బాగుపడటం కష్టం, సాధారణంగా కొత్తదే వేయాలి. ఎస్‌ఆర్‌ఏఎం కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ఫ్లూయిడే కావాలి, వాటిలో మినరల్ ఆయిల్ పోయడమూ అంతే ప్రమాదం. ఏది పోయాలో లివర్ మీదే రాసి ఉంటుంది.

ఇంకొకటి డిస్కు. చవక సైకిళ్ళకి వచ్చే రోటర్ల మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడమని అచ్చువేసి ఉంటుంది. ఎక్కువ కాలం వస్తాయని వాటికి మెటల్ ప్యాడ్లు వేస్తే రోటర్ త్వరగా అరిగిపోతుంది. బ్రేకు ఇంకా బలంగా కావాలంటే ముందు చక్రానికి 160 మి.మీ. బదులు 180 మి.మీ. రోటర్ వేయండి, అదే బ్రేకుకి ఎనిమిదో వంతు పట్టు పెరుగుతుంది. దానికి తగ్గ అడాప్టర్ కావాలి, మీ ఫోర్కు ఎంత పెద్ద రోటర్ వరకు ఒప్పుకుంటుందో ముందు కనుక్కోవాలి.

చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు ఒక్క తుంపర డిస్కు మీద పడ్డా ప్యాడ్లు ఆ నూనె పీల్చుకుంటాయి. కీచుమంటూ అరుస్తాయి, పట్టు తగ్గిపోతుంది. బ్రేకు బాగాలేదని నా దగ్గరికి వచ్చే చాలా సైకిళ్ళ కథ ఇదే. స్ప్రే మానేసి, చైను ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేసి, మిగిలింది గుడ్డతో తుడిచేయండి.

అపోహ: పొడవు ట్రావెల్ ఫోర్కు వేస్తే ఏ గుట్టైనా దిగొచ్చు

వాస్తవం: ఇక్కడ డబ్బూ పోతుంది, ఒక్కోసారి ఫ్రేమూ పోతుంది. 100 మి.మీ. ట్రావెల్ (ఫోర్కు నొక్కుకునే దూరం) కోసం గీసిన ఫ్రేముకి 140 మి.మీ. ఫోర్కు బిగిస్తే ముందు భాగం పైకి లేస్తుంది. ప్రతి 20 మి.మీ.కి హెడ్ యాంగిల్ (ఫోర్కు వాలు కోణం) ఇంచుమించు ఒక డిగ్రీ వాలిపోతుంది. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతూ దారి తప్పుతుంది. దానికంటే ముఖ్యం, పొడుగైన ఫోర్కు హెడ్ ట్యూబు (ఫోర్కు కాడ దూరే ముందు గొట్టం) దగ్గర ఫ్రేముని మరింత బలంగా వంచుతుంది. అలాంటి ఫ్రేముల్లో పగులు ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే సైకిల్ తలకిందులు పెట్టి, హెడ్ ట్యూబు కింద డౌన్ ట్యూబు (అక్కడి నుంచి పెడల్స్ దాకా దిగే గొట్టం) వెల్డింగ్ పక్కన గుడ్డతో తుడిచి చూడండి. పెయింటులో వెంట్రుకంత గీత ఉంటే ఆ సైకిల్ ఇక గుట్టకి తీసుకెళ్ళొద్దు. ట్రావెల్ పది మి.మీ. పెంచడం వరకైతే నేను సరేనంటాను, 20 అంటే ఫ్రేము కంపెనీ ఒప్పుకోవాలి.

మంచి ఎయిర్ ఫోర్కు మీ ఫ్రేముకి పడుతుందా లేదా అనేది హెడ్ ట్యూబు తేలుస్తుంది. చాలా చవక హార్డ్‌టెయిల్‌లకి పైనుంచి కింది దాకా ఒకే లావున్న హెడ్ ట్యూబు ఉంటుంది, ఫోర్కు కాడ 28.6 మి.మీ. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కుల కాడ కింద ఒకటిన్నర అంగుళానికి లావెక్కుతుంది, అది ఆ సన్న గొట్టంలోకి దూరదు. హెడ్ ట్యూబు లోపలి కొలత 44 మి.మీ. ఉంటే వేరే హెడ్‌సెట్‌తో (కాడ తిరిగే బేరింగులు) సర్దొచ్చు. ఆ మీద యాక్సిల్ (చక్రం ఇరుసు) ఉంది. పాత చక్రానికి 9 మి.మీ. క్విక్ రిలీజ్, కొత్త ఫోర్కుకి 15 మి.మీ. త్రూ యాక్సిల్ అంటే ముందు చక్రం కూడా మార్చాలి. ఫోర్కు అనుకున్నది ఫోర్కు, హెడ్‌సెట్, చక్రం కలిసి సైకిల్ ధరలో సగం దాటుతుంది.

ఉన్న స్ప్రింగ్ ఫోర్కు మీది ప్రీలోడ్ నాబ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందని కూడా చాలామంది నమ్మకం. గట్టిపడదు. మొదట్లో ఎంత బరువు పడితే కదలాలి అన్నదే మారుతుంది. ఎయిర్ ఫోర్కులో అయితే నిజంగానే మీ బరువుకి సరిపోయేలా గాలి పెట్టుకోవచ్చు. సైకిల్ మీద నిలబడితే మొత్తం ట్రావెల్‌లో ఇంచుమించు అయిదో వంతు దిగాలి. దానికి షాక్ పంపు వేరే ఉంటుంది, టైరు పంపుతో కుదరదు.

అపోహ: ఖరీదైన డీరైలర్ వేస్తే గేర్లు మెత్తగా పడతాయి

వాస్తవం: గేర్లు సరిగ్గా పడకపోతే నేను డీరైలర్‌ని (చైనుని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపేది) అనుమానించేది ఆఖర్న. ముందు హ్యాంగర్ చూస్తాను. ఫ్రేముకీ డీరైలర్‌కీ మధ్య ఉండే ఆ చిన్న అల్యూమినియం ముక్కని కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అది వంగాలని. సైకిల్ కుడివైపు ఒక్కసారి పడితే చాలు, లోపలికి వంగుతుంది, కంటికి కనపడదు. గేజ్ బిగించి చుట్టూ తిప్పితే పైన రిమ్ముకి ఆనుకున్న కొన కిందికొచ్చేసరికి వేలెడు దూరం జరిగి ఉంటుంది. అలాంటి హ్యాంగర్ మీద షిమానో ఎక్స్‌టీ లాంటి ఖరీదైనది వేసినా గేరు తిన్నగా పడదు. తర్వాత కేబుల్, దాని ఔటర్ (పై తొడుగు). రెండు వానాకాలాలు చూసిన ఔటర్ లోపల తుప్పూ మట్టీ పేరుకుంటాయి. హ్యాంగర్ తిన్నగా చేసి, కేబుల్, ఔటర్ కొత్తవి వేస్తే మామూలు ఆల్టస్ డీరైలర్ కూడా చక్కగా పనిచేస్తుంది.

ఆ తర్వాత చైను. అరుగుదల గేజ్ వెనక పది గేర్ల వరకు 0.75 దగ్గర, 11, 12 గేర్లకి 0.5 దగ్గర దిగితే చైను మార్చేయాలి. ఆలస్యం చేస్తే అది క్యాసెట్ (వెనక గేర్ల కట్ట) పళ్ళని కూడా తినేస్తుంది, అప్పుడు రెండూ కొనాలి.

అపోహ: ముందు మూడు చైన్‌రింగులు (పెడల్స్ దగ్గరి పళ్ళ చక్రాలు) తీసేసి ఒకటి పెడితే ఎక్కుడు సులువవుతుంది

వాస్తవం: లెక్క వేసి చూడండి. 3x7 సైకిల్‌లో (ముందు మూడు, వెనక ఏడు) ముందు 24, వెనక 28 పళ్ళు ఉంటే అతి తేలిక గేరు 0.86 (ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగిస్తే వచ్చేది, ఎంత తక్కువైతే అంత తేలిక). అది పీకి ముందు 32, వెనక 11-36 పెడితే 32ని 36తో భాగించాలి, 0.89 వస్తుంది. డబ్బు పెట్టి ఎక్కుడు ఇంకా కష్టం చేసుకున్నట్టు. వెనక 51 పళ్ళు ఉంటేనే 0.63కి దిగి నిజమైన లాభం. 2020లో 12 గేర్లతో వచ్చిన షిమానో డియోర్ ఆ 10-51 క్యాసెట్ ఇస్తుంది, కానీ దానికి మైక్రో స్ప్లైన్ రకం ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే హబ్ భాగం) కావాలి. మధ్యస్తంగా పాత హెచ్‌జీ రకం ఫ్రీహబ్ మీదికే ఎక్కే మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఉంది, 9 గేర్లు, 11-42. ముందు 32 అయితే 0.76. డీరైలర్‌లో క్లచ్ (చైనుని బిగువుగా ఉంచేది) ఉంది కాబట్టి రాళ్ళ మీద చైను ఎగిరి పడదు.

7 గేర్ల సైకిళ్ళలో చాలావాటికి అసలు ఫ్రీహబ్బే ఉండదు, మర బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. క్యాసెట్ దాని మీద పట్టదు, వెనక హబ్ మార్చాల్సిందే. ఈ ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది, దాని అవతల యాక్సిల్‌కి ఆసరా లేదు. బరువైన మనిషి మెట్లు దిగితే అక్కడే వంగుతుంది. చక్రం విప్పి, యాక్సిల్ తిప్పితే దాని కొస సున్నా చుడుతూ కనిపిస్తుంది.

అపోహ: చక్రాల్లో ఒక గ్రాము తగ్గితే రెండు గ్రాములు తగ్గినట్టే

వాస్తవం: ఆగిన చోటి నుంచి వేగం అందుకునేటప్పుడు, అదీ రిమ్ము, టైరు బరువు విషయంలో, ఇది ఇంచుమించు నిజం. ఒకే వేగంతో ఎక్కుడు ఎక్కేటప్పుడు గ్రాము గ్రామే. మనిషి, సైకిల్, నీళ్ళు కలిపి 90 కిలోలు ఉంటే 300 గ్రాములు తగ్గించడం మొత్తంలో మూడో వంతు శాతం. సన్న టైరు వేసి ఆ 300 గ్రాములు మిగుల్చుకుని ముళ్ళకి, రాళ్ళకి అప్పజెప్పడం నాకు నచ్చదు.

అపోహ: సీటు ఎంత మెత్తగా ఉంటే అంత హాయి

వాస్తవం: అరగంట వరకే. ఆ తర్వాత జెల్ పక్కకి జరిగి ఎముకకీ, నరాలకీ తగులుతుంది. మీ కూర్చునే ఎముకల వెడల్పుకి సరిపోయే గట్టి సీటు, సరైన ఎత్తు చాలు. ప్లాస్టిక్ పెడల్స్ తీసేసి పిన్నులున్నవి వేయండి, బూటు జారదు. ఎడమ పెడల్ మర ఎదురు దిశలో ఉంటుందని గుర్తుంచుకోండి. దిగుడులో సీటు కిందికి దించే డ్రాపర్ పోస్టు నిజంగా తేడా చూపిస్తుంది, కానీ చాలా చవక ఫ్రేముల్లో సీటు గొట్టానికి 27.2 మి.మీ. పోస్టే పడుతుంది. 30.9, 31.6లో ఉన్నన్ని రకాలు ఆ కొలతలో దొరకవు.

అపోహ: మొత్తం కలిపి చేస్తే పాత సైకిల్ కొత్త సైకిల్ అవుతుంది

వాస్తవం: సన్న హెడ్ ట్యూబు, క్విక్ రిలీజ్, మర ఫ్రీవీల్, ఈ మూడూ ఒకే సైకిల్‌లో ఉంటే టైర్లు, ప్యాడ్లు, పెడల్స్, కేబుళ్ళ దగ్గర ఆపేయమని చెప్తాను. మిగిలిన డబ్బు తర్వాతి సైకిల్‌కి దాచుకోండి. లావెక్కే హెడ్ ట్యూబు, ఫ్రీహబ్ ఉన్న ఫ్రేమైతే మాత్రం ఫోర్కు, డ్రైవ్‌ట్రైన్ (గేర్లు, చైను) మీద ఖర్చు పెట్టొచ్చు, వృథా కాదు. పెడల్స్, సీటు, పంపు, హైడ్రాలిక్ బ్రేకులు ఎలాగూ మీతోపాటు తర్వాతి సైకిల్‌కి వస్తాయి. కొనే ముందు హెడ్ ట్యూబు, రెండు యాక్సిళ్ళు, వెనక హబ్, టైరు పక్క అంకెలు ఫోటో తీసి మీ మెకానిక్‌కి పంపండి. ఆ ఫోటోలు చూస్తే సగం లిస్టు అక్కడే తేలిపోతుంది.

అపోహ: బిగించడంతో పని అయిపోయింది

వాస్తవం: కొత్త ప్యాడ్లు, రోటర్ వేయగానే దిగుడుకి పోవద్దు. ఖాళీ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల వేగం అందుకుని, చక్రం లాక్ కాకుండా నెమ్మదిగా దాదాపు ఆపేదాకా పట్టండి. ఒక్కో బ్రేకుకి ఇరవై సార్లు అలా చేస్తే పట్టు కుదురుతుంది. కొత్త గేరు కేబుల్ మొదటి కొన్ని రైడ్లలో సర్దుకుంటుంది, బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సర్దే చిన్న మర) అర చుట్టు తిప్పితే సరిపోతుంది. చదరపు యాక్సిల్ (రెండు క్రాంకుల మధ్య ఇరుసు) ఉన్న సైకిల్‌లో క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) విప్పి బిగించి ఉంటే, మొదటి రైడ్ నుంచి రాగానే ఎడమ క్రాంకు బోల్టు 8 మి.మీ. అలెన్ కీతో మళ్ళీ బిగించండి. వదులైన క్రాంకుతో పది కిలోమీటర్లు తొక్కినా ఆ చదరపు రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు.