యానాం గీత నుంచి కాకినాడ యాంకరేజ్ దాకా

2024 నవంబరు 29న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ పోర్టుకొచ్చి, రేషన్ బియ్యం దొంగచాటుగా విదేశాలకు పోతోందన్న ఆరోపణ మీద, లంగరేసి ఉన్న ‘స్టెల్లా ఎల్’ నౌక గురించి అధికారులతో ‘సీజ్ ద షిప్’ అన్నారు. ఆ మాట రీల్స్‌లో, మీమ్స్‌లో తిరిగినంతగా దాని వెనకున్న సంగతి తిరగలేదు. గోదావరి డెల్టాకి పక్కన పరాయి దేశం ఏదీ లేదు. అయినా దొంగ సరుకు, చెక్‌పోస్టులు, ప్రత్యేక బలగాలు ఇక్కడివాళ్లకి తాతల నాటి నుంచీ తెలుసు.

ముందు యానాం సంగతి. చుట్టూ బ్రిటిష్ ఏలుబడి, మధ్యలో ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి భూమి. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, పిల్లకి పద్నాలుగు నిండకుండానే పెళ్లి చేయాలనుకున్నవాళ్లు గోదావరి దాటి యానాం వెళ్లి తాళి కట్టించి వెనక్కి వచ్చేసేవారు. ఇక్కడి నేరం అక్కడ నేరం కాదు, అంతే. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు గానీ సరిహద్దు గీత పోలేదు. యానాం పుదుచ్చేరిలో భాగమైంది, పన్నులు అక్కడి పన్నులయ్యాయి.

ఆ తేడా విలువ మద్యంలో తెలిసింది. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 1993లో సారా, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వంతో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. యానాంలో మాత్రం షాపులు తెరిచే ఉన్నాయి. 1997లో నిషేధం సడలించేదాకా ఏరు దాటి సీసాలు వస్తూనే ఉన్నాయి. కాకినాడ నుంచి అమలాపురం వెళ్లే బస్సు యానాం మధ్యలోంచే పోతుంది కాబట్టి సుంకరపాలెం దగ్గర, అటు ఎదుర్లంక దగ్గర బ్యాగులు తడమడం మామూలు వ్యవహారమైపోయింది. పెట్రోలు కూడా అక్కడ చవకే, కానీ ట్యాంకు నింపుకుని వస్తే ఎవరూ ఆపరు.

2020 మే నెలలో కథ మళ్లీ మొదటికొచ్చింది. జగన్ ప్రభుత్వం రెండు రోజుల్లో మద్యం ధరలు 75 శాతం పెంచి, అదే నెలలో అక్రమ మద్యం, ఇసుక పట్టుకోవడానికి స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టింది. ఒక చేత్తో దొంగ వ్యాపారానికి లాభం చూపించి, రెండో చేత్తో లాఠీ పట్టుకోవడం నాకైతే ఇప్పటికీ వింతే. బయటి రాష్ట్రం నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని ఆ సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. పర్మిట్ లేకుండా ఒక్కటీ కుదరదని ఆ తర్వాత ప్రభుత్వం నిబంధన మార్చింది. అదే సమయంలో చవక బ్రాండ్ల ధరలు కొంత దించింది కూడా, అక్రమ రవాణా తగ్గాలనే కారణం చెప్పి. 2024లో ప్రభుత్వం మారాక ఆ బ్యూరోనే రద్దయింది, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది.

సముద్రం వైపు దారి వేరు. 1993 ముంబయి పేలుళ్లకు సరుకు మహారాష్ట్ర తీరంలో దిగింది. 2005లో కేంద్రం తీర భద్రతా పథకం మొదలుపెట్టింది. 2008లో ఉగ్రవాదులు ఒక చేపల బోటును పట్టుకుని ముంబయి చేరాక ఆ పథకం ఊపందుకుంది. రాష్ట్రంలో వాకలపూడి, ఓడలరేవు లాంటి చోట్ల మెరైన్ పోలీస్ స్టేషన్లు వచ్చాయి, మత్స్యకారులకు గుర్తింపు కార్డులిచ్చారు, ఏటా ‘సాగర్ కవచ్’ పేరుతో డ్రిల్లు నడుస్తోంది. ఇదంతా బయటి నుంచి లోపలికొచ్చే ముప్పు కోసం కట్టుకున్న ఏర్పాటు. కాకినాడ గొడవ లోపలి నుంచి బయటికి పోయే బియ్యంతో.

కేంద్రం 2023 జూలైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసి 2024 సెప్టెంబరు చివర్లో మళ్లీ వదిలింది. ప్రభుత్వానికి దాదాపు నలభై రూపాయలు పడే కిలో రేషన్ బియ్యం కార్డుదారుకి ఉచితం. సన్నబియ్యం తినే డెల్టా ఇంట్లో ఆ బియ్యం ఇడ్లీకో దోసెకో తప్ప అన్నానికి పనికిరావు, అందుకే కిలోకి పదో పన్నెండో రూపాయలు ఇచ్చేవాడికి పోతాయి. అక్కణ్నుంచి మిల్లు, పాలిష్, కొత్త సంచి, కాకినాడ గోడౌను. యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకి రాదు. బార్జిల్లో సంచులేసుకుని సముద్రంలోకి వెళ్లి ఎక్కించాలి, తనిఖీకైనా బోటెక్కాల్సిందే.

మరి అది రేషన్ బియ్యమని ఎలా తేల్చారు? అప్పటి రేషన్ బియ్యంలో వంద గింజలకి ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజ ఉండేది. కడిగేటప్పుడు తేలుతుందని ఊళ్లలో ‘ప్లాస్టిక్ బియ్యం’ అంటారే, అదే. పాలిష్ పట్టినా అది దొరికిపోతుంది. స్టెల్లా నుంచి 1,320 టన్నులు దించేశాక, 2025 జనవరిలో నౌకని వదిలేశారు. పోర్టు రాష్ట్రానిది, కస్టమ్స్ కేంద్రానిది. ఓడని పట్టి ఉంచడం మాట అన్నంత సులువు కాదు.

ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసింది, పోర్టు దారిలో లారీల తనిఖీ పెంచింది. ఇంటింటికీ బియ్యం తెచ్చే బండ్ల దగ్గరే అమ్మకాలు జరుగుతున్నాయన్న ఆరోపణలతో 2025 జూన్ నుంచి వాటిని ఆపి చౌకదుకాణాలకే మళ్లించింది. నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసులు ఎప్పటి నుంచో ఉన్నవే. వాటిలో సరుకు జప్తవుతుంది, వ్యాపారి మళ్లీ మొదలెడతాడు.

వేరే దారి ఒకటి ఒకసారి తొంగి చూసింది. బియ్యం వద్దనుకునేవారికి డబ్బు ఇద్దామని 2022లో జగన్ ప్రభుత్వం ప్రయోగానికి ఎంచుకున్న పట్టణాల్లో కాకినాడ, నరసాపురం రెండూ ఉన్నాయి. అది మొదలవకముందే ఆగిపోయింది.