కాలేజీ రాయితీయా, కంపెనీ స్కాలర్‌షిప్పా: ఈ లెక్క మన ఇళ్లకు ఎలా వచ్చింది?

ఇంటర్ ఫలితాలు, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకులు వచ్చాక విశాఖలో చాలా ఇళ్లల్లో రాత్రి భోజనాల దగ్గర ఒకటే లెక్క నడుస్తుంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ మార్కులు చూసి సగం ఫీజు తగ్గిస్తానంటుంది. ఇంకోపక్క ఏదో కంపెనీ ఫౌండేషన్, పిల్ల ఏ మంచి కాలేజీలో చేరినా ఏటా కొంత సొమ్ము ఇస్తానంటుంది. ఏది పట్టుకోవాలి? కార్పొరేట్ అనగానే మనకు ఇంటర్ కాలేజీలు గుర్తొస్తాయి కానీ, ఇక్కడ మాట్లాడేది కంపెనీలు ఇచ్చే స్కాలర్‌షిప్పుల గురించి.

ఈ టెన్షన్ మన తాతల కాలంలో లేదు. సి.వి. రామన్ చిన్నప్పుడు చదువుకున్నది ఈ ఊళ్లోనే. ఆయన తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. పదకొండో ఏట మెట్రిక్యులేషన్, పదమూడో ఏట స్కాలర్‌షిప్‌తో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) పూర్తి చేశాడాయన. పరీక్షలో ముందున్నవాడికి స్కాలర్‌షిప్, అంతే. ఎంచుకోవడమనే మాటే లేదు. తర్వాత 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. కొన్నేళ్లకు, ఇప్పటి ఒడిశాలో ఉన్న జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తూ దాన్ని నిలబెట్టారు. అది స్కాలర్‌షిప్ కాదు. కానీ చదువు ఖర్చు మోసే దాత ఆ రోజుల్లో పిల్లవాడి చేతికి కాదు, సంస్థకే ఇచ్చేవాడని దాన్నిబట్టి తెలుస్తుంది. ఫీజు అందరికీ తక్కువగా ఉండటానికి అలాంటి సొమ్మూ, తర్వాత ప్రభుత్వం సొమ్మూ ఆధారమయ్యాయి. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, జాతీయ మెరిట్ స్కాలర్‌షిప్ 1961లో మొదలయ్యాయి.

కథ మారింది ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలతో. డొనేషన్ల గొడవ ముదిరి 1983లో మన రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1986లో ఎంసెట్ వచ్చింది. ఆ తర్వాత 1993లో ఉన్నికృష్ణన్ కేసు. మన రాష్ట్రం పేరుతోనే సుప్రీంకోర్టుకెళ్లిన ఆ కేసులో కోర్టు ఒక పద్ధతి పెట్టింది: ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల్లో సగం సీట్లు మెరిట్ మీద ఫ్రీ సీట్లు, మిగతా సగం పేమెంట్ సీట్లు. అంటే ర్యాంకు తెచ్చుకున్నవాడి ఫీజు భారం పక్క బెంచీలో డబ్బు కట్టి చేరినవాడు మోసేవాడు. అందులో అన్యాయం ఉందని కొందరన్నారు, నిజమే. కానీ ర్యాంకు వచ్చిన పిల్లకు తక్కువ ఫీజు ఒక హక్కులా ఉండేది, ఎవరినీ అడగనక్కర్లేదు. 2002లో సుప్రీంకోర్టే ఇచ్చిన టీఎంఏ పాయ్ తీర్పుతో ఆ పద్ధతి పోయింది. అప్పటినుంచి మెరిట్‌కు ఎంత తగ్గించాలన్నది చాలావరకు కాలేజీ ఇష్టం. ఇప్పుడు ‘మెరిట్ స్కాలర్‌షిప్’ అని బోర్డుల మీద కనిపించే దానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. హక్కుగా ఉన్నది రాయితీ అయ్యింది. రాయితీ అన్నాక షరతులుంటాయి.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి పేదింటి పిల్లలకు పెద్ద తలుపు తెరిచింది. 2012 నాటికి దాన్నీ కుదించారు: పదివేలలోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, మిగతావారిలో చాలామందికి 35 వేల వరకే ఇచ్చేవారు. పైగా అది ఎంసెట్ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటా సీట్లకే. సొంత ప్రవేశ పరీక్ష పెట్టుకునే డీమ్డ్ యూనివర్సిటీల్లో చేరినవారికి కాలేజీ ఇచ్చే రాయితీ తప్ప ఇంకో ఊతం దొరకడం కష్టమైంది.

ఇక కంపెనీల సంగతి. షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరు కాబట్టి కంపెనీ స్కాలర్‌షిప్ మనకు కొత్త మాట కాదు. అయితే అది ఎక్కువగా ఉద్యోగుల పిల్లలకే అనుకునేవాళ్లం. 2013 కంపెనీల చట్టం దాన్ని మార్చింది. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గత మూడేళ్ల లాభాల సగటులో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అందులో చదువు ఒకటి. సొంత ఉద్యోగుల కుటుంబాలకు మాత్రమే చేసింది ఆ లెక్కలోకి రాదు. అందుకే ఇన్ని ఫౌండేషన్లు, ఇన్ని ఆన్‌లైన్ దరఖాస్తులు. ఇందులో బలహీనత కూడా అక్కడే ఉంది. లాభం తగ్గితే ఆ రెండు శాతమూ తగ్గుతుంది. స్టీల్ ప్లాంటు నష్టాలు చూసిన ఊరికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఏడాది ఫీజు మూడు లక్షలు, రాయితీ సగం అనుకుందాం. కాగితం మీద లక్షన్నర మిగిలింది. ఇంట్లోంచి మాత్రం ఇంకో లక్షన్నర, హాస్టల్ విడిగా, నాలుగేళ్లూ కట్టాలి. పైగా ఆ రాయితీ సీజీపీఏ (సెమిస్టర్ గ్రేడుల సగటు) మీద ఆధారపడి ఉంటే, ఒక్క సెమిస్టర్‌లో ఒంట్లో బాగోక మార్కులు తగ్గినా మూడు లక్షలూ కట్టాల్సి రావచ్చు. అప్పటికి కాలేజీ మారే దారి దాదాపు మూసుకుపోతుంది. అదే ఫీజు తక్కువున్న ప్రభుత్వ కాలేజీలో చేరి, కంపెనీ నుంచి యాభై వేలు వచ్చినా ఇంటి భారం చాలా తేలికవుతుంది. ఆ యాభై వేలు మరుసటి ఏడాది ఆగిపోయినా చదువు ఆగదు. చేతిలో పొదుపు లేని ఇంటికి నేను రెండోదే చెబుతాను. పొదుపు ఉండి, కోరుకున్న బ్రాంచి ఆ ప్రైవేటు క్యాంపస్‌లోనే బాగుంటే మొదటిది తీసుకోవచ్చు. అయితే రెండో ఏడాది రాయితీ ఏ మార్కుల మీద కొనసాగుతుందో రాతపూర్వకంగా తీసుకున్నాకే ఫీజు కట్టాలి.

రెండూ కలిపి తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కేంద్రం 2008 నుంచి ఇంటర్ మార్కుల మీద ఇస్తున్న స్కాలర్‌షిప్‌కు మాత్రం, వేరే స్కాలర్‌షిప్ గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ తీసుకుంటుంటే అర్హత ఉండదు. కంపెనీల నిబంధనలు ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటాయి, దరఖాస్తులోనే చూసుకోవాలి.

తేదీలు కలవకపోవడం ఇంకో చిక్కు. ప్రైవేటు క్యాంపస్‌లు మే, జూన్‌లోనే సీటు ఖాయం చేసుకోమని తొందరపెడతాయి. కంపెనీల దరఖాస్తులు చాలావరకు ఆగస్టు తర్వాత గానీ తెరుచుకోవు, ఫలితాలు ఇంకా ఆలస్యం. ఆ భయంతోనే ముందు కనబడ్డ రాయితీకి ఒప్పుకుని సంతకం పెట్టేస్తారు. అయితే 2024-25 ప్రవేశాలకు యూనివర్సిటీలను అజమాయిషీ చేసే యూజీసీ ఇచ్చిన ఆదేశం ప్రకారం సెప్టెంబర్ 30లోపు సీటు వదులుకుంటే కట్టిన ఫీజు పూర్తిగా, అక్టోబర్ 31లోపు అయితే వెయ్యి రూపాయలకు మించకుండా కోసి, వెనక్కి ఇవ్వాలి. ఈ ఏడాది తేదీలు ఏమిటో యూజీసీ ప్రకటనలో చూసుకుని, ఫీజు రసీదు జాగ్రత్తగా దాచుకోండి.