విశాఖ గాలిలో గ్లిజరిన్

విశాఖలో వానాకాలం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే జంతికలు ఒక్క రాత్రిలో మెత్తబడిపోతాయి. మూకుడులో వేగుతున్నప్పుడు పోయిన నీరు సముద్రపు గాలిలోంచి కొంచెం కొంచెంగా వాటిలోకి తిరిగి చేరుతుంది. కరకరలాడేదాన్ని సాగదీసేది ఆ కాస్త తేమే. మొక్కల ప్రొటీన్‌తో మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ చేయాలనుకునేవాళ్లకు సాయం చేసేదీ, ఏడిపించేదీ ఇదే సంగతి.

గోధుమ, సోయా, మొక్కజొన్న, వేరుశనగ చెక్క, దేని ప్రొటీన్ అయినా పొడవాటి గొలుసుల్లా ఉంటుంది. ఎండితే ఆ గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టేసుకుంటాయి. బాగా ఎండిన గోధుమ గ్లూటెన్ మెత్తబడాలంటే 150 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఇంకా వేడి పెంచితే అది పారే లోపే మాడిపోతుంది. అలాంటప్పుడు అచ్చులో నొక్కేదెలా? గొలుసుల మధ్య దూరి పట్టు సడలించే చిన్న అణువు ఒకటి కావాలి. దాన్నే ప్లాస్టిసైజర్ అంటారు. జంతికలో ఆ పని నీరు చేసింది.

ఇది ఇంట్లోనే చూడొచ్చు. మైదా ముద్దను నీళ్లలో పిసుకుతూ కడిగితే పిండిపదార్థం తెల్లగా పోయి రబ్బరులాంటి గ్లూటెన్ మిగులుతుంది. నేను సగం ముద్దను అలాగే పలచగా నొక్కి ఎండబెట్టాను, గోరులా గట్టిపడి విరిగింది. మిగతా సగంలో మందుల షాపులో కొన్న గ్లిజరిన్ కలిపాను. అది ఎండాక కూడా వంగింది. మూడు రోజులు ముసురు పట్టాక చూస్తే వేలికి అతుక్కుంటోంది.

ఇలాంటి మరో ప్లాస్టిసైజర్ కర్పూరం, దాని కథ వేరు. 1870లో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ తొలినాటి ప్లాస్టిక్ అయిన సెల్యులాయిడ్‌కు పేటెంట్ తీసుకున్నప్పుడు, దూదికి నైట్రిక్ ఆమ్లం పట్టించి చేసిన పదార్థాన్ని మెత్తబరిచింది మన హారతి పళ్లెంలో ఉండే ఈ కర్పూరమే. కానీ వెలిగించకపోయినా కర్పూరం బిళ్ల తరిగిపోతుంది కదా, సెల్యులాయిడ్‌లోంచీ అలాగే మెల్లగా ఎగిరిపోతుంది. దాంతో చేసిన పాత ఫిల్మ్ రీళ్లు కుంచించుకుపోయి, వంకర్లు తిరిగి, పెళుసుబారడానికి అదొక కారణం.

గ్లిజరిన్ అంత తేలిగ్గా ఎగిరిపోదు. నూనెల్లో, కొవ్వుల్లో దాగి ఉండే దీన్ని 1779లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలె ఆలివ్ నూనెలోంచి మొదటిసారి బయటికి తీశాడు. సబ్బుల తయారీలో వస్తుంది. 100 కిలోల బయోడీజిల్ చేస్తే దాదాపు 10 కిలోలు మిగులుతుంది. చవక, విషం కాదు, ప్రొటీన్‌తో ఇట్టే కలిసిపోతుంది. అందుకే నూటికి 20 నుంచి 40 పాళ్ల దాకా కలుపుతుంటారు. ఎక్కువ కలిపితే బాగా సాగుతుంది గానీ తేలిగ్గా చిరుగుతుంది.

దాని చిక్కల్లా నీటి మీద ప్రేమ. 50 శాతం తేమ ఉన్న గాలిలో 100 గ్రాముల గ్లిజరిన్ పెడితే 25 గ్రాములకు కాస్త పైగా నీరు పీల్చుకుని ఆగుతుంది. అదే 80 శాతం తేమలో దాదాపు తన బరువంత నీరు తాగుతుంది. ఆ నీరూ ప్లాస్టిసైజరే కాబట్టి మనం కొలిచి వేసిన పాళ్లన్నీ తారుమారవుతాయి. ప్లాస్టిక్‌లను సాధారణంగా పరీక్షించేది 23 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో. విశాఖలో మనం అలాంటి గాలి పీల్చే రోజులెన్ని? మన ఊరికి పనికొచ్చే ప్రొటీన్ కవర్ అని ఎవరైనా చెబితే, 80 శాతం తేమలో దాని బలం ఎంతో నేను ముందు అడుగుతాను. ఇది చాదస్తం కాదు. ఆ లెక్క లేకపోతే మిగతా లెక్కలన్నీ ఇక్కడ పనికిరావు.

నీటికి దూరంగా ఉండే ప్లాస్టిసైజర్లూ మొక్కల్లో ఉన్నాయి. వేరుశనగ నూనెలో ఉండే ఒలీయిక్ ఆమ్లం మొక్కజొన్నలోని జీన్ (zein) అనే ప్రొటీన్‌తో బాగా కలుస్తుంది, ఎందుకంటే జీన్ కూడా నీటిలో కరగని రకమే. గోధుమ, సోయా ప్రొటీన్లలో మాత్రం కొద్దిగా ఎక్కువైనా నూనె పైకి తేలి జిడ్డు కడుతుంది. నాకు ఆశ కలిగించేది మన పక్కనే పలాసలో ఉంది. జీడిపిక్కల పెంకు నూనెలోంచి తీసే కార్డనాల్ అణువుకు ఒక కొసన ఫినాల్ అనే భాగం, రెండో కొసన 15 కార్బన్ల పొడవాటి తోక. ఫినాల్ ప్రొటీన్‌ను పట్టుకోగలదు, తోక నీటిని తోసేస్తుంది. పీవీసీని మెత్తబరచడానికి కార్డనాల్‌తో చేసిన పదార్థాలు ఇప్పటికే ఉన్నాయి. అయితే జీడి చేతిని ఎలా కాలుస్తుందో పిక్కలు కొట్టే ఆడవాళ్లకు తెలుసు. తినే వస్తువుకు చుట్టేముందు కార్డనాల్ పూర్తిగా శుద్ధి అయిందని తేలాలి.

అప్పటిదాకా గ్లిజరిన్‌ను దాని గుణానికి తగ్గ చోట వాడొచ్చు. వంగ, టమాటా నారు నెల రోజులకే నాటుతాం. ఆ నారు పెంచే చిన్న నల్ల ప్లాస్టిక్ కవర్లు బ్లేడుతో కోసి గట్టు మీద పడేస్తే అవి వానకు కొట్టుకుపోయి గెడ్డల్లో, అక్కడినుంచి సముద్రంలో తేలుతున్నాయి. నెల రోజులు నిలిచే ప్రొటీన్ కవర్ అయితే దాన్ని విప్పే పనే ఉండదు. గ్లిజరిన్ నీటితో పాటు మట్టిలోకి దిగిపోతుంది, సూక్ష్మజీవులు దాన్ని తింటాయి, ప్రొటీన్‌లోని నత్రజని ఆ మొక్క వేళ్లకే అందుతుంది.