దిక్కులు, దూరం ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల అభ్యర్థులకు రీజనింగ్ (తార్కిక ప్రశ్నలు) బోధిస్తున్న నాకు కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎదురయ్యే అపోహ ఒకటుంది: కుడి అంటే తూర్పు, ఎడమ అంటే పడమర. షార్ట్‌కట్ పేరిట చేతులు మారుతున్న ఈ సూత్రం మనిషి ఉత్తరం వైపు చూస్తున్నప్పుడు మాత్రమే నిజం. దక్షిణానికి నడుస్తున్న వ్యక్తికి ఎడమవైపు ఉండేది తూర్పు.

ఒక వ్యక్తి దక్షిణంగా 5 కి.మీ. నడిచి, ఎడమకు తిరిగి 8 కి.మీ. వెళ్లి, అక్కడి నుంచి ఉత్తరంగా 20 కి.మీ. నడిచాడనుకుందాం. బయలుదేరిన చోటు నుంచి అతడు ఉత్తరంగా 15, తూర్పుగా 8 కి.మీ. జరిగాడు కనుక, పైథాగరస్ సూత్రం ప్రకారం 17 కి.మీ. దూరంలో, ఈశాన్యాన ఉంటాడు. ఆ 8 కి.మీ.ను పడమరకు గీసినవారికి కూడా దూరం 17 కి.మీ.గానే వస్తుంది, లెక్క కుదిరింది కనుక అనుమానం కలగదు, వాయవ్యం అని గుర్తించి ముందుకు వెళ్లిపోతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ (టైర్-1)లో ఆ ప్రశ్నకు రావలసిన 2 మార్కులు పోవడమే కాక మరో 0.50 మార్కు కోత పడుతుంది. తెలిసిన ప్రశ్నలోనే ఇంత నష్టపోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అనే వరుసలో కుడికి తిరిగితే తర్వాతి దిక్కు, ఎడమకు తిరిగితే అంతకు ముందున్న దిక్కు వస్తాయి. గీసిన ప్రతి గీత చివరా బాణం గుర్తు పెట్టండి. అప్పటికీ తికమకగా ఉంటే, ఆ బాణం మీకు ఎదురుగా పైకి చూసేలా రఫ్ కాగితాన్నే తిప్పండి, అప్పుడు మీ కుడిచేయి వైపే అతడి కుడివైపు అవుతుంది.

దారులు గుర్తుండనివారికి ఈ చాప్టర్ రాదన్న మాట మరీ అన్యాయం. చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే ఒక అమ్మాయి, "మెట్రో దిగితే ఎటు వెళ్లాలో నాకే తెలియదు సార్, ఇవి వదిలేస్తాను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వీధుల్లో గుర్తులు జ్ఞాపకం ఉండాలి గాని, ప్రశ్నలో కావలసినదంతా రాసే ఉంటుందని చెప్పి, బొమ్మ గీయించాను. ఆ తర్వాత మాక్ టెస్టుల్లో ఆమె ఆ ప్రశ్నలను వదల్లేదు.

ప్రతి ప్రశ్నకూ పైథాగరస్ సూత్రం అక్కరలేదు. ఎదురెదురు దిక్కుల నడకలు పోగా ఒకే దిక్కున దూరం మిగిలితే తీసివేత చాలు. ఇక నీడను బట్టి దిక్కు చెప్పే ప్రశ్నల విషయంలో, మధ్యాహ్నం నీడే ఉండదన్నదీ పొరపాటే, ఎందుకంటే హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి 2 రోజులే. పరీక్షల్లో ఎక్కువగా అడిగేవి ఉదయం, సాయంత్రం నీడలు: సూర్యోదయ వేళ నీడ పడమరకు, సూర్యాస్తమయ వేళ తూర్పుకు పడుతుంది.