తాళం తప్పిందనుకున్న పాట

పిల్లలూ,

పోయిన ఉత్తరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి గురించి రాశాను కదా. ఆయన్ని అందరూ ఫిడేలు నాయుడుగారు అనేవాళ్ళని చదివి, "తాతయ్యా, ఫిడేలు మన దేశానికి వచ్చినట్టే ఇంకెక్కడికైనా వెళ్ళిందా?" అని మీలో ఒకరు అడిగారు. వెళ్ళింది. ఇవాళ దాని వెంట కెనడా వెళ్దాం.

ఒకప్పుడు యూరప్‌లో టోపీల తయారీకి బీవర్ అనే జంతువు బొచ్చుకి ఎక్కడలేని గిరాకీ. ఆ వ్యాపారం కోసం 1670లో పెట్టిన హడ్సన్స్ బే కంపెనీ స్కాట్లాండ్ నుంచి, దానికి ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల నుంచి మనుషుల్ని కెనడా తీసుకెళ్ళింది. మాంట్రియల్ వైపు నుంచి ఫ్రెంచ్ మాట్లాడే పడవవాళ్ళు వచ్చారు. వీళ్ళు అక్కడి క్రీ, ఒజిబ్వే తెగల ఆడవాళ్ళని పెళ్ళి చేసుకున్నారు. ఆ ఇళ్ళలో పుట్టిన సంతానం తరాలు గడిచేసరికి తమదంటూ ఒక జాతిగా నిలబడింది. వాళ్ళే మెటీలు. ఇప్పుడు విన్నిపెగ్ ఉన్నచోట, రెడ్ రివర్ ఒడ్డున, వాళ్ళ ముఖ్యమైన ఊళ్ళుండేవి. ఫిడేలు తేలిక, పడవలో ఓ మూల ఇమిడిపోతుంది. అలా ఆ ఇళ్ళకి చేరింది.

వాళ్ళ వాయిద్యం మొదటిసారి విన్నప్పుడు నాకు తాళం తప్పినట్టు అనిపించింది. మీరూ ఒకసారి చేసి చూడండి. ఆదితాళం వేసినట్టు ఎనిమిది లెక్కపెడుతూ చప్పట్లు కొట్టండి. స్కాట్లాండ్ పాటైతే మీ ఎనిమిదితో పాటు బుద్ధిగా ముగుస్తుంది. మెటీల పాత పాటలు చాలావాటిలో అలా కాదు. ఒకచోట వరస ముగిశాక ఇంకో దెబ్బ మిగులుతుంది. ఇంకోచోట మీ చెయ్యి ఇంకా గాలిలో ఉండగానే పాట మళ్ళీ మొదలైపోతుంది. మళ్ళీ మళ్ళీ విన్నాను. ప్రతి చుట్టులోనూ అదే చోట అదే దెబ్బ. అది తప్పెలా అవుతుంది! క్రీ, ఒజిబ్వే పాటల్లో వరసలన్నీ ఒకే పొడవుండాలన్న నియమం లేదు. తండ్రి పాటకి తల్లి పాట నడక వచ్చిందని ఈ సంగీతాన్ని పరిశోధించినవాళ్ళు చెబుతారు. నాకూ అదే నమ్మకం. వాళ్ళ మిచిఫ్ భాషని చూడండి: నామవాచకాలు ఎక్కువగా ఫ్రెంచ్‌వి, క్రియలు క్రీ భాషవి. మాటలో జరిగిందే పాటలోనూ జరిగింది.

మనవాళ్ళు నేలమీద కూర్చుని ఫిడేలు కొసని కుడి పాదం మీద ఆనించుకుంటారు. మెటీలు కుర్చీలో కూర్చుంటారు, వాళ్ళకి రెండు కాళ్ళూ కావాలి మరి. మడమ ఒకసారి, వేళ్ళు ఒకసారి, చెక్క నేలమీద దడదడ కొడుతూనే ఉంటారు. పక్కన మృదంగం లేదు, కాళ్ళే మృదంగం. ఇంకొకరు రెండు చెంచాలు వీపులు కలిపి పట్టుకుని తొడమీద టకటకలాడిస్తారు. వంటింట్లో బల్లలు పక్కకి జరిపేస్తే అదే సభ. రెడ్ రివర్ జిగ్ అని వాళ్ళ నాట్యం ఒకటుంది. పాట పైస్థాయిలో ఉన్నంతసేపూ మామూలు అడుగు వేస్తారు. కిందిస్థాయికి దిగగానే ఒక్కొక్కరూ తమ సొంత అడుగులు చూపిస్తారు.

ఫిడేలు నేర్చుకుంటున్నవాళ్ళకి ఇంకో సంగతి. మనం తీగల్ని సా-పా-సా-పాగా శ్రుతి చేస్తాం కదా. పాత మెటీ వాయిద్యగాళ్ళు కొన్ని పాటలకి మామూలు యూరప్ శ్రుతిని వదిలి, కింది రెండు తీగల్నీ ఒక్కో మెట్టు పైకి బిగిస్తారు. అప్పుడు వచ్చేదీ సా-పా-సా-పాయే! మనకీ వాళ్ళకీ పరిచయమే లేదు. తీసుకొచ్చిన వాయిద్యం ఒకటే, ఎవరి చెవికి కావలసినట్టు వాళ్ళు మార్చుకున్నారు. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

తర్వాత వాళ్ళకి మంచి రోజులు లేవు. తమ భూముల కోసం లూయీ రియెల్ నాయకత్వంలో 1869లో ఎదురుతిరిగారు. 1885లో మళ్ళీ ఎదురుతిరిగి, బటోష్ అనే ఊరి దగ్గర సైన్యం చేతిలో ఓడిపోయారు. ఆ ఏడాది నవంబర్ 16న రియెల్‌ని రెజైనాలో ఉరితీశారు. భూములు పోయినవాళ్ళు చాలామంది, రోడ్లకని సర్కారు వదిలిన బద్దీల్లాంటి స్థలాల్లో గుడిసెలు వేసుకున్నారు. తాము మెటీలమని పైకి చెప్పుకోడానికే భయపడిన కుటుంబాలున్నాయి. కెనడా రాజ్యాంగం వాళ్ళని ఆదివాసీ జాతిగా గుర్తించింది 1982లో. అంతకాలం ఆ పాటలు ఎవరు కాపాడారు? స్వరాలు రాసిన పుస్తకాలు కాదు. రాత్రిళ్ళు నాన్న వాయిస్తుంటే పక్కన కూర్చుని విన్న పిల్లలు.

అలాంటి పిల్లవాడే జాన్ ఆర్కాండ్. 1942లో సస్కాచెవాన్‌లో పుట్టి, నాన్న దగ్గరా తాత దగ్గరా విని నేర్చుకున్నాడు. పాత పాటల్ని ఆ అదనపు దెబ్బలతో సహా అలాగే వాయించాడు, సొంతంగా వందల పాటలు కట్టాడు. 1998లో సస్కటూన్ దగ్గర తన పేరుమీదే ఫిడేలు ఉత్సవం మొదలుపెట్టాడు. లెక్క సరిపోవడం కోసం ఆ దెబ్బలు తీసేసి ఉంటే పాట నున్నగా ఉండేది, తల్లివైపుది మాత్రం పోయేది.

ఈ ఆదివారం అమ్మ ఫోన్‌లో రెడ్ రివర్ జిగ్ పెట్టించుకుని వినండి. ఒకరు చప్పట్లు కొట్టండి, ఇంకొకరు వేళ్ళమీద లెక్కపెట్టండి. మీ లెక్క ఎక్కడ చెదిరిందో, రెండో చుట్టులో కూడా అక్కడే చెదిరిందో లేదో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య