నిద్రపోవడానికే మేల్కొనే ఉడుత

ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చేసరికి అలాస్కాలో ఆర్కిటిక్ నేల ఉడుతలు ఒక్కొక్కటిగా బొరియల్లోకి దిగిపోతాయి. బొరియ లోతు ఇంచుమించు ఒక మీటరు. అంతకన్నా తవ్వుదామంటే కింద ఏడాది పొడవునా కరగని గడ్డనేల. లోపల గడ్డి పరచుకుని, బంతిలా ముడుచుకుని ఏడెనిమిది నెలలు అక్కడే ఉంటాయి.

దీన్ని మనం శీతాకాల నిద్ర అనేస్తాం. చిక్కంతా ఆ మాటతోనే. నిద్రలో మన గుండె కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఈ ఉడుత గుండె నిమిషానికి పదిసార్లు కూడా కొట్టుకోదు. బ్రయాన్ బార్న్స్ అనే శాస్త్రవేత్త వీటి పొట్టలో చిన్న రేడియో పరికరాలు అమర్చి చూస్తే, లోపలి ఉష్ణోగ్రత మైనస్ 2.9 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. 1989లో ఆయన ఈ సంగతి ప్రచురించారు. మెడ, తల మాత్రం సున్నాకు కాస్త పైనే ఉన్నాయి.

మరి నెత్తురు గడ్డకట్టదా? ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌లో కదలకుండా ఉంచిన సీసాలోని నీళ్లు ఒక్కోసారి నీళ్లుగానే ఉండి, బయటికి తీసి కుదపగానే చూస్తుండగా గడ్డకడతాయి. మొదటి మంచు పలుకు పుట్టేదాకా నీరు సున్నాకు దిగువన కూడా నీరుగానే ఉండగలదు. ఉడుత ఒంట్లో ఆ మొదటి పలుకే పుట్టదు.

అసలు విడ్డూరం ఇది కాదు. రెండు మూడు వారాలకోసారి ఉడుత వణుకుతూ, ఒంట్లోని గోధుమరంగు కొవ్వును మండించుకుంటూ 36 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చలికాలానికని కూడబెట్టుకున్న కొవ్వులో ఎక్కువ భాగం ఈ వేడెక్కడాలకే ఖర్చు. కుంభకర్ణుడైతే లేవగానే తిండి మీద పడ్డాడు. ఇది ఏమీ తినదు. మెలకువ వచ్చిన ఆ కొద్ది గంటల్లో ఎక్కువసేపు నిద్రపోతుంది! అంత చలిలో మెదడు దాదాపు స్తంభించిపోతుంది, నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోతాయి. ఒళ్లు వేడెక్కితే కొన్ని గంటల్లోనే అవి మళ్లీ చిగురిస్తాయి. ఆ మరమ్మతు కోసమే లేస్తుందా అన్నది ఇంకా తేలలేదు. నాకైతే ఆ వాదనే నచ్చుతుంది.

మగ ఉడుతలు మాత్రం శరత్కాలంలోనే బొరియలో గింజలు దాచుకుంటాయి. చలికాలమంతా వాటి జోలికి పోవు. వసంతంలో ఆడవాటికన్నా ముందే తేరుకుని, పైన మంచు ఉండగానే, ఆ గింజలు తింటూ జతకట్టే రోజులకు ఒళ్లు పెంచుకుంటాయి.