నటుడి వృత్తి: బయట అనుకునేవి, సెట్లో జరిగేవి (అపోహలు - వాస్తవాలు)

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపించే మాటలే ఇవి. కొన్ని సగం నిజాలు, కొన్ని ఎవరి లాభం కోసమో పుట్టించినవి. స్టార్ల లెక్కలు వేరు, వాటి జోలికి వెళ్లడం లేదు. క్యారెక్టర్ వేషాలు, సీరియల్ పాత్రలు వేసుకుంటూ బతకాలనుకునేవాళ్ల కోసం రాసినది.

అపోహ: ఖరీదైన పోర్ట్‌ఫోలియో లేకపోతే ఆఫీసులో ఫొటో కూడా చూడరు.

ఫొటోలు చూసేది సాధారణంగా కో-డైరెక్టరో, కాస్టింగ్ పని చూసే అసోసియేటో. రేపు పొద్దున మేకప్ లేకుండా మీరు తలుపు తోసుకుని లోపలికొస్తే ఎలా ఉంటారన్నదే వాళ్లకు కావాలి. రంగు పెంచి, ముడతలు చెరిపి, చేతులు కట్టుకుని తీయించుకున్న ఫొటోలో ఆ ఒక్క సంగతే తెలియదు. ఎదుటి నుంచి క్లోజ్, కుడి ఎడమ ప్రొఫైళ్లు, నడుము వరకు ఒకటి, నిలువుగా ఒకటి, చీరలోనో పంచెలోనో ఇంకొకటి: ఆరు చాలు. ఆరు నెలల కంటే పాతవి పంపొద్దు. గడ్డం తీసేసినా, బరువు మారినా మళ్లీ తీయాల్సిందే.

ఇప్పుడు ఫొటో కంటే వీడియోకే ఎక్కువ పని పడుతోంది. ఫోన్ అడ్డంగా పెట్టాలి, లెన్సు కళ్ల ఎత్తులో ఉండాలి. కిటికీ వెలుగు ముఖం మీద పడేలా నిలబడాలి. కిటికీ మీ వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. వెనక ఖాళీ గోడ ఉంటే మంచిది. ఫ్యాన్ ఆపాలి. ముందు పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, ఉండే ఊరు చెప్పి, రెండు వైపులా తిరిగి చూపించి, తర్వాత నిమిషం, నిమిషంన్నర సీను చేయాలి. చూపు లెన్సులోకి కాదు, దాని పక్కన బెత్తెడు దూరంలో. పేరున్న హీరో పంచ్ డైలాగు మాత్రం చెప్పకండి. ఆ డైలాగు వినగానే చూసేవాడికి ఆ హీరోనే గుర్తొస్తాడు, మీరు కనిపించరు. ఇంట్లో పాల బిల్లు గురించి మాట్లాడుకునేంత మామూలు సీనులో మనిషి బాగా తెలుస్తాడు.

ఇక 'రిజిస్ట్రేషన్ ఫీజు', 'ఆడిషన్ ఫీజు', 'కాస్ట్యూమ్ డిపాజిట్' అని ఎవరైనా అడిగితే అది సినిమా కాదు, వ్యాపారం. మేనేజర్ కమిషన్ అనేది ఉంది, కానీ అది మీకు పేమెంట్ వచ్చాక అందులోంచి ఇచ్చే శాతం. ముందుగా తీసుకునేది కమిషన్ అనిపించుకోదు. మీటింగ్ రాత్రి వేళ హోటల్ గదిలో పెడితే వెళ్లకండి. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది, సినిమా యూనిట్ దానికి మినహాయింపేమీ కాదు.

అపోహ: 'మా' కార్డు చేతికొస్తే వేషాలు వాటంతట అవే వస్తాయి.

రావు. 1993లో ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ (మా) నటుల బాగోగులు చూసే సంఘం, వేషాలు పంచే కౌంటర్ కాదు. జూనియర్ ఆర్టిస్టులకు యూనియన్ వేరుగా ఉంది, అక్కడ పిలుపు ఏజెంట్ ద్వారా వస్తుంది.

అపోహ: పాతికేళ్లు దాటితే ఇక ఆశ వదులుకోవాలి.

హీరో వేషానికైతే కొంత నిజమే. మిగతా వేషాలకు కాదు. 1942లో పుట్టిన కోట శ్రీనివాసరావు 1978లో తొలి సినిమా చేశారు. జనం నోళ్లలో ఆయన పేరు నానింది 1985లో 'ప్రతిఘటన' వచ్చాకే, అంటే నలభై దాటాక. అప్పటికి బ్యాంకు ఉద్యోగం ఉంది, నాటకాల అనుభవం ఉంది. బ్రహ్మానందం సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్. 1987 నాటి 'అహ నా పెళ్లంట' ఇద్దరికీ మలుపు. ఈ కథల్లో అందరూ ప్రతిభనే చూస్తారు, నెల జీతాన్ని ఎవరూ చూడరు. అద్దె కట్టే దారి ఇంకోటి ఉన్నవాడు నచ్చని వేషానికి 'వద్దు' అనగలడు, మంచి వేషం కోసం ఆగగలడు.

అపోహ: చెప్పగానే కన్నీళ్లు తెప్పించగలిగితే గొప్ప నటుడు.

ఏడుపు రావడం ఒక వంతు. వచ్చిన ఏడుపును కావాల్సిన షాటు దాకా దాచుకోవడం మూడు వంతులు. సీను తీసే వరుస సాధారణంగా ఇలా ఉంటుంది: ముందు అందరూ కనిపించే మాస్టర్, ఆ తర్వాత నడుము పైభాగం కనిపించే మిడ్‌లు, ఎదుటివాడి భుజం మీదుగా తీసే సజెషన్ షాట్లు, ఆఖర్న ముఖం మాత్రమే కనిపించే క్లోజులు. లైటింగ్ మార్చుకుంటూ పోతే మీ క్లోజ్ రెండు మూడు గంటల తర్వాత రావచ్చు. కొత్తవాళ్లు మాస్టర్‌లోనే గుండెలు బాదుకుని ఏడ్చేస్తారు, యూనిట్ చప్పట్లు కొడుతుంది. అసలు క్లోజ్ వచ్చేసరికి గొంతు బొంగురు, కళ్లు పొడి. మాస్టర్‌లో కదలికలు కచ్చితంగా చేయాలి, భావం సగం చాలు.

దాని వెనకే కంటిన్యుటీ, అంటే ఒక షాటులో చేసింది తర్వాతి షాటులోనూ అలాగే ఉండటం. మాస్టర్‌లో 'అమ్మా' అన్న మాట దగ్గర గ్లాసు ఎత్తితే, క్లోజులోనూ అదే మాట దగ్గర, అదే చేత్తో ఎత్తాలి. తేడా వస్తే ఎడిటర్ రెండు షాట్లు అతికించలేడు. ఏం చేస్తాడు? మీ ముఖం మీంచి తప్పించి ఎదుటివాడి రియాక్షన్ వేస్తాడు. డైలాగు మీదే, తెర మీద ముఖం మాత్రం ఇంకొకరిది. 'నా సీను కట్ చేశారు' అనే ఫిర్యాదుల్లో కొన్నింటి వెనక ఉన్నది కుట్ర కాదు, ఈ గ్లాసే. అందుకే అనుభవమున్నవాళ్లు మాట్లాడుతూ వస్తువులు ముట్టుకోవడం తగ్గిస్తారు, భోజనం సీనులో చిన్న ముద్దలు తింటారు (ఏడెనిమిది టేకుల తర్వాత కూడా ఆకలి నటించాలి కదా).

గ్లిజరిన్ తప్పేమీ కాదు, అవసరమైతే వాడతారు. దాన్ని కంట్లో పోసుకోకూడదు. కింది రెప్ప అంచున దూదితోనో వేలి కొసతోనో కొంచెం రాస్తే మంట పుట్టి నీళ్లు వస్తాయి. కాంటాక్ట్ లెన్సులు ముందే తీసేయాలి. ఎక్కువైతే కన్ను ఎర్రబడి, అదే రోజు తీయాల్సిన నవ్వే సీనుకు పనికిరాకుండా పోతారు. కన్నీటి చార మేకప్‌లో గీత వేస్తుంది. ఏ చెంప మీద, ఎంతవరకు జారిందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి, తర్వాతి షాటులో అక్కడే ఉండాలి.

క్లోజ్ అప్పుడు ఎదుటి నటుడు ఉండకపోవచ్చు. లెన్సు పక్కన స్టాండుకు అంటించిన టేపు ముక్కే మీ అమ్మో, ప్రేయసో. డైలాగు చదివేది అసిస్టెంట్ డైరెక్టర్, అదీ కూరగాయల చీటీ చదివినట్టు. దానికి స్పందించగలగడం ఈ పనిలో నిజమైన కష్టం, ఇన్‌స్టిట్యూట్లో దీన్ని ఎంత సాధన చేయించినా తక్కువే.

అపోహ: సీరియల్ నటన తేలిక, ప్రాంప్టింగ్ (డైలాగు పక్కనుంచి అందించడం) ఉంటుందిగా.

ప్రాంప్టింగ్ ఉండటం వల్లే కష్టం. రోజూ ప్రసారమయ్యే సీరియల్‌కు ఒక్క రోజులోనే అనేక సీన్లు తీయాలి, డైలాగు కాగితం సెట్లోకి వచ్చాకే చేతికి అందుతుంది. కెమెరా వెనక నుంచి లైను చదువుతుంటే అందుకుని చెప్పాలి. ఇందులో మూడు జబ్బులు అంటుకుంటాయి. చూపు చదివేవాడి వైపు జారుతుంది. ప్రతి లైనుకు ముందు ఒకే కొలత విరామం వస్తుంది. అన్నిటికంటే చెడ్డది మూడోది: చెవి తర్వాతి లైను కోసం కాచుకుని ఉండటంతో ఎదుటివాళ్ల మాట వినడం మానేస్తుంది, ముఖం ఖాళీ అవుతుంది. విరుగుడు ఒకటే. కాగితం అందగానే మాటలన్నీ బట్టీ పట్టకుండా సీను మలుపు ఏ మాట దగ్గరో గుర్తుపెట్టుకుని, ఆ ఒక్క లైను ప్రాంప్టింగ్ లేకుండా చెప్పాలి.

చీరలు, నగలు చాలాసార్లు ఆర్టిస్టే తెచ్చుకోవాలి. ఏ సీనుకు ఏ జాకెట్టు, ఏ గాజులు అన్నది రాసి పెట్టుకోకపోతే, మూడు వారాల తర్వాత అదే సీను మిగతా సగం తీస్తున్నప్పుడు ఇల్లంతా వెతకాల్సి వస్తుంది.

అపోహ: ముఖం బాగుంటే చాలు, గొంతు ఎవరో ఒకరు చెబుతారు.

చెబుతారు, నిజమే. ఆ గొంతుకు పేరు కూడా వస్తుంది. సుమన్‌కు, రాజశేఖర్‌కు చెప్పిన సాయికుమార్ గొంతు తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆయన తర్వాత 1996లో 'పోలీస్ స్టోరీ'తో కన్నడంలో హీరోగా నిలదొక్కుకున్నారు. 'అరుంధతి'లో సోనూ సూద్ పాత్ర భయపెట్టిందంటే అందులో రవిశంకర్ గొంతు వాటా ఎంతో చూసినవాళ్లకు తెలుసు. కానీ చిన్న వేషానికి వేరే ఆర్టిస్టును పిలిస్తే నిర్మాతకు అదనపు ఖర్చు. సొంతంగా చెప్పుకోగలిగినవాడికి ఆ మేరకు మొగ్గు ఉంటుంది. ఒత్తులు, ల-ళ, న-ణ, శ-ష-స తేడాలు రోజూ పావుగంట పేపరు గట్టిగా చదివితే పట్టుబడతాయి. గోదావరి యాస, తెలంగాణ యాస, రాయలసీమ యాసల్లో మీ సొంతది చెరిపేసుకోకండి, దానికి తోడు ఇంకోటి నేర్చుకోండి. డబ్బింగ్ బూత్‌లో పెదవులు కలపడం మీదే అందరి దృష్టీ ఉంటుంది. షూటింగ్‌లో తీసుకున్న ఊపిరి డబ్బింగ్‌లో మరచిపోతే పెదవి కలిసినా గొంతు అతికించినట్టే ఉంటుంది.

అపోహ: రోజుకు ఎనిమిది వేలంటే నెలకు రెండు లక్షల నలభై వేలు.

నెలలో 30 రోజులు ఎవరూ పిలవరు. లెక్క కోసం 12 రోజులు అనుకుందాం: 96,000. టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసే ఆదాయపు పన్ను) 10 శాతం పోతే 86,400. మేనేజర్‌కు మొత్తం మీద 10 శాతం ఇస్తే 76,800. బట్టలు, ప్రయాణం, సెట్లో మేకప్ సరిదిద్దే టచప్ మనిషి కలిపి 15,000 అనుకుంటే చేతిలో 61,800. కథలో మీ పాత్ర ఊరెళ్లిందనుకోండి, వచ్చే నెల 6 రోజులే. 48,000లో ఆ రెండు కోతలు పోగా 38,400. బట్టల ఖర్చు మాత్రం పెద్దగా తగ్గదు. పైగా ఈ డబ్బు ప్యాకప్ (ఆ రోజు షూటింగ్ ముగింపు) కాగానే రాదు, బిల్లు పెట్టాక వారాలు, నెలలు పట్టవచ్చు. పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ 20 శాతం కోస్తారు. కోసినది మీ పాన్ పేరున జమైందో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్లో చూసుకుని రిటర్న్ వేస్తే, పన్ను అంత పడనివాళ్లకు ఆ డబ్బు తిరిగి వస్తుంది. చాలామంది రిటర్న్ వేయక దాన్ని వదులుకుంటున్నారు. పని చేసిన తేదీలు, సమయాలు, సీను నంబర్లు ఒక డైరీలో రాసుకోండి. పేమెంట్ దగ్గర మాట తేడా వస్తే అదే ఆధారం.

అపోహ: పిల్లల్ని పెడితే అడిగేవాళ్లు లేరు, బడి తర్వాత చూసుకోవచ్చు.

బాలకార్మిక నిషేధ చట్టానికి 2017లో సవరించిన నియమాలు ఇందుకు స్పష్టంగా ఉన్నాయి. పిల్లలతో రోజుకు 5 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. వరసగా 27 రోజులకు మించి పెట్టకూడదు. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి నిర్మాతే తీసుకోవాలి, చదువు ఆగకుండా ఏర్పాటూ అతనే చేయాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఆ అనుమతి కాగితం, డిపాజిట్ రసీదు నకళ్లు మొదటి రోజు షూటింగ్‌కు ముందే అడగండి. ఇస్తామని మాట చెప్పి ప్యాకప్ దాకా లాగేస్తే, రెండో రోజు పిల్లను పంపకండి.